లష్కరు నగరము – ఋణభారము – దివాలా శాసనము

సికింద్రాబాదును మన పెద్దలు నేటికిని 'లష్కరు' అనియే పిలుతురు. లష్కరు అనగా సైన్యము. ఈ ఫారసీ పదము ఉర్దూ వారి నోటను, తెలుగు వారి నోటను ఒకే తీరున పలుకుచున్నది. ఉజ్జయినీ మహంకాళి జాతరను సహితము ప్రజలు 'లష్కరు బోనాలు' అందురు. ఒక నగరమునకు సైన్యము పేరే పేరుగా నిలిచినదనిన, ఆ నగరస్వభావమును సైన్యమే తీర్చిదిద్దినదని గ్రహింపవలెను. అయితే సైన్యమునకు జీతమీయవలెను, జీతమునకు ధనము కావలెను, ధనము లేనిచోట అప్పు పుట్టును. లష్కరు చరిత్రను ఈ కోణమునుండి పరిశీలించి, అప్పుల పాలైన నేటి నగరవాసికి చట్టము చూపు దారులు ఏవియో మా సహాధ్యాయులకు తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

నగరము పుట్టుక

1798లో రెండవ ఆసఫ్ జా అయిన నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. దాని ప్రకారము కంపెనీ సైన్యము హైదరాబాదు రాజ్యమున విడిది చేయును. దాని ఖర్చు నిజాము భరింపవలెను. ఆ ఖర్చు నిమిత్తమే 1800లో బళ్ళారి, కడప, అనంతపురము ప్రాంతములను నిజాము కంపెనీకి వదలుకొనెను. వానినే మనము దత్త మండలములని చదువుకొంటిమి. అనగా రాయలసీమ రైతు చెల్లించిన శిస్తునకును, హుస్సేన్ సాగరునకు ఉత్తరమున వెలసిన ఈ దండు విడిదికిని సంబంధము గలదన్నమాట.

1806లో మూడవ ఆసఫ్ జా సికందర్ జా పేర ఈ విడిదికి సికింద్రాబాదు అను నామము స్థిరపడెను. క్రమముగా దండు చుట్టును బజారులు పెరిగినవి. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు, లాల్ బజారు అను పేర్లలోనే ఆ కథ యున్నది. మద్రాసు సైన్యముతో వచ్చిన తమిళులు, వ్యాపారము నిమిత్తము వచ్చిన పార్సీలు, మార్వాడీలు, గుజరాతీలు, దక్కను ముస్లిములు, చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చిన తెలుగువారు ఇచట కలిసి స్థిరపడిరి. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. పార్సీల అగ్ని దేవాలయము 1847 నాటిది. మహంకాళి ఆలయమును గూర్చిన ఐతిహ్యము కూడ సైన్యముతో ముడివడినదే. సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యెననియు, కలరా తగ్గిన పిమ్మట మ్రొక్కు చెల్లించుటకై 1815లో అమ్మవారిని ఇచట నిలిపెననియు చెప్పుదురు.

1857 తిరుగుబాటు పిమ్మట తిరుమలగిరిలో కోటవంటి రక్షణస్థావరము వెలసినది. 1874లో వాడి నుండి రైలుమార్గము వచ్చెను. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో పనిచేయుచున్న సైనికవైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. జవానులను పీడించిన జ్వరమును గూర్చిన పరిశోధన మానవజాతికంతకు మేలు చేసినది. స్వాతంత్ర్యానంతరము ఈ నగరపు సైనికస్వభావము తగ్గలేదు. ఎలక్ట్రానిక్స్ – మెకానికల్ ఇంజనీరింగు సైనిక కళాశాల, రక్షణ నిర్వహణ కళాశాల, ఆర్డినెన్సు కోరు కేంద్రము ఇచటనే యున్నవి. విశ్రాంత సైనికోద్యోగులకై సైనిక్‌పురి వెలసినది. 1960లో సికింద్రాబాదు పురపాలకము హైదరాబాదుతో కలిసిపోయినను, లష్కరు వాసికి తన ఊరు వేరేయను భావము పోలేదు.

ఆ స్వభావము ఎట్టిది? వేకువజామున లేచుట, వేళకు పనిచేయుట, నెల మొదటి తేదీకై ఎదురుచూచుట. జీతము పైనను, పింఛను పైనను ఆధారపడిన నగరమునకు నిలకడ యుండును. కాని ఆ జీతగాండ్రను నమ్ముకొని బ్రతుకు దర్జీ, చర్మకారుడు, పాలవాడు, టెంటు సామానుల వ్యాపారి, చిన్న కాంట్రాక్టరు అను వారికి ఆ నిలకడ లేదు. పటాలము బదిలీ అయిన చాలు, అరువు ఖాతాలు అరువుగనే మిగిలిపోవును.

రాజ్యమే అప్పులపాలైన కథ

సికింద్రాబాదులో కంపెనీ సైన్యముండగా, బొల్లారమున నిజాము పేర మరియొక సైన్యము ఏర్పడెను. మొదట దానిని రస్సెల్ బ్రిగేడ్ అనిరి. తరువాత హైదరాబాదు కంటింజెంటు అనిరి. జీతములు నిజామువి, అధికారులు ఆంగ్లేయులు. ఆ జీతములకై దివానుగిరి నడపిన రాజా చందూలాల్ వడ్డీవ్యాపారుల నాశ్రయించెను. వారిలో ముఖ్యులు పామర్ కంపెనీవారు. నిజాము కొలువుతో లావాదేవీలు జరుపుటకు 1816లో గవర్నరు జనరల్ హేస్టింగ్స్ ఆ సంస్థకు అనుమతినిచ్చెను. దానితో చట్టము విధించిన నూటికి 12 పరిమితిని మించి వడ్డీ తీసికొను వీలు కలిగెను. అందు భాగస్వామియైన విలియం రంబోల్డుకు హేస్టింగ్స్ కుటుంబముతో బాంధవ్యముండెను. 1820లో అరువది లక్షల రూపాయల ఋణము కుదిరెను. అదే యేట రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఈ వ్యవహారమును బయటపెట్టెను.

అప్పుడు జరిగినది విద్యార్థులు లెక్కవేసి చూడదగినది. ఉత్తర సర్కారులకు బదులుగా కంపెనీ నిజామునకు ఏటేట 7 లక్షల పేష్కషు చెల్లించుచుండెను. నూటికి 6 వడ్డీ చొప్పున 7 లక్షలు రావలెనన్న అసలు 1,16,66,666 రూపాయలు కావలెను. ఆ మొత్తమును ఒక్కసారి యిచ్చి, ఏటేట చెల్లించు బాధ్యతను కంపెనీ వదలించుకొనెను. ఆ సొమ్ముతో పామర్ కంపెనీ బాకీ తీరినది. గోదావరి, కృష్ణా మండలముల పేర నిజామునకు శాశ్వతముగా రావలసిన ఆదాయము ఒక్క వడ్డీవ్యాపారి ఖాతాకు జమయైనదన్నమాట. ఇంత జరిగియు పామర్ కంపెనీ నిలువలేదు; 1824లో దివాలా తీసెను. 1840 దశకమున బీరారు రెవిన్యూను తాకట్టుగా పొంది సర్కారుకు అప్పులిచ్చిన పార్సీ షాహుకార్లు, పెస్తోంజీ సోదరులును, ఆ తాకట్టు చేజారుటతో చితికిపోయిరి.

కంటింజెంటు జీతముల బాకీ పెరుగగా పెరుగగా 1853లో బీరారునే కంపెనీ వశము చేయవలసివచ్చెను. 1857లో నిజాము ప్రభుత్వము ఆంగ్లేయుల పక్షమున నిలిచినందున, 1860 సంధిలో 50 లక్షల ఋణము రద్దుచేయబడెను. రాయచూరు, ధారాశివ ప్రాంతములు తిరిగి యీయబడెను. బీరారు మాత్రము తిరిగి రాలేదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది యిది. అప్పు తీర్చలేనివాడు సోమరియో మోసగాడో కానక్కరలేదు. సంస్థానాధీశుడు సహితము కావచ్చును. రాజ్యము అప్పుబడినపుడు సంధి కుదిరినది, మండలములు చేతులు మారినవి, చివరకు అప్పు రద్దయినది. మరి బొల్లారము బజారున కుట్టుమిషను త్రొక్కు దర్జీ అప్పుబడినపుడు అతనికి గల సంధి ఏది?

దివాలా అనగా నేమి?

మన ప్రాంతమున 'ఐ.పి. పెట్టినాడు' అనుమాట ఒక తిట్టువలె వాడుదురు. ఐ.పి. అనగా ఇన్సాల్వెన్సీ పిటిషను. అప్పులవారిని ముంచి ఆస్తులను దాచుకొనిన పెద్దమనుషుల వలన ఈ మాటకు చెడ్డపేరు వచ్చినది. కాని చట్టము వారికొరకు పుట్టలేదు. నిజాయితీతో చితికిపోయినవానికి ఊపిరి సలుపుకొను అవకాశమీయుట, ఉన్నంతలో ఋణదాతలందరికి సమముగా పంచుట, ఈ రెండే దాని లక్ష్యములు. ఉర్దూలో దివాలా తీసినవానిని 'ముఫ్లిస్' అందురు. ఇస్లాము ధర్మశాస్త్రమున ఇబ్బందిలోనున్న ఋణగ్రస్తునకు గడువీయుట విధిగా చెప్పబడినది. మన పెద్దల మధ్యవర్తిత్వములలోను 'ఉన్నది చూచి వాయిదా వేయుడు' అనుట కలదు. చట్టము చెప్పునది అంతకంటె భిన్నము కాదు.

వ్యక్తుల విషయమున నేటికిని ఆధారమైనది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. దాని ముఖ్యాంశములను ఒక కల్పిత ఉదాహరణతో వివరింతుము.

ఒక దర్జీకి బ్యాంకు బాకీ 1,20,000, చిట్టీ బాకీ 80,000, చేబదులు 1,00,000, మొత్తము 3,00,000 రూపాయలు గలవనుకొందము. అతని ఆస్తి రెండు కుట్టుమిషనులు, వంటపాత్రలు, 30,000 విలువగల ఒక మోటారు సైకిలు. అప్పులు 500 రూపాయలకు తక్కువ కానిచో అతడు స్వయముగా కోర్టులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఋణదాతల పేర్లు, చిరునామాలు, బాకీల మొత్తములు, తన ఆస్తుల వివరములు దాచక వ్రాయవలెను. కోర్టు విచారించి అతనిని దివాలాదారుగా ప్రకటించినచో అతని ఆస్తి కోర్టునకు లేదా రిసీవరునకు సంక్రమించును. అటుపిమ్మట ఋణదాతలు కోర్టు అనుమతి లేనిదే అతనిపై విడివిడిగా దావాలు వేయరాదు. అరెస్టునుండి రక్షణ ఉత్తర్వును కూడ కోరవచ్చును.

అయితే సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను జప్తునుండి మినహాయించిన వస్తువులు రిసీవరుకు పోవు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివాని పనిముట్లు అట్టివి. కనుక దర్జీ మిషనులు అతనికే మిగులును. మోటారు సైకిలు అమ్మగా వచ్చిన 30,000లో ఖర్చులు లేవనుకొనిన, రూపాయికి పది పైసల వంతున బ్యాంకుకు 12,000, చిట్టీకి 8,000, చేబదులు ఇచ్చినవానికి 10,000 చెందును. గట్టిగా అరచినవానికి ఎక్కువ, మౌనముగా నున్నవానికి తక్కువ అనునది లేదు.

ఇక ముఖ్యమైన మెట్టు విముక్తి ఉత్తర్వు. దివాలాదారుగా ప్రకటించునపుడే కోర్టు ఒక గడువు నిర్ణయించును. ఆ గడువులోపల విముక్తికై దరఖాస్తు చేయవలెను. చేయనిచో ప్రకటనయే రద్దు కావచ్చును, అప్పులు మరల మెడకు చుట్టుకొనును. మొదటి ఉత్తర్వు చేతికి రాగానే పని ముగిసినదనుకొనుట పొరపాటు. ఆస్తి విలువ బాకీలలో రూపాయికి అర్ధరూపాయి వంతైనను లేనిచో, అది తన తప్పిదమువలన కాదని ఋణగ్రస్తుడు కోర్టును ఒప్పించవలెను. జూదము, దుబారా, లెక్కల పుస్తకములు వ్రాయకపోవుట సంపూర్ణ విముక్తికి అడ్డంకులు. చిన్న దుకాణదారుని కుమారుడు ప్రతిరాత్రి తండ్రి ప్రక్కన కూర్చుండి జమాఖర్చులు వ్రాసిపెట్టినచో, అది యొకనాడు ఆ కుటుంబమును కాపాడు సాక్ష్యము కాగలదు. కామర్సు విద్యార్థులు ఈ మాటను ప్రత్యేకముగా గమనింతురు గాక.

మోసగాండ్రకు చట్టము తలుపు తెరువలేదు. ప్రతిఫలము లేక రెండు సంవత్సరములలోపల బంధువుల పేర వ్రాసిన ఆస్తిబదిలీలు చెల్లకపోవచ్చును. దరఖాస్తునకు ముందు మూడు నెలలలో ఒక ఋణదాతకు మాత్రమే పక్షపాతముతో చెల్లించిన సొమ్మును రిసీవరు ప్రశ్నింపవచ్చును. తాకట్టు ఉన్న ఋణదాత తన తాకట్టుపై హక్కును కోల్పోడు. ప్రభుత్వబాకీలు, మోసముచే చేసిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి విముక్తివలన తొలగవు. చెక్కు చెల్లని కేసు నేరవిచారణ గనుక అదియు ఆగదు. అన్నిటికంటె మిన్నగా, విముక్తి ఋణగ్రస్తునకే గాని హామీదారునకు కాదు. మన దర్జీ తీసికొనిన చిట్టీకి డిగ్రీ చదువు కుమారుడు హామీ సంతకము పెట్టియున్నచో, తండ్రి విముక్తుడైనను కుమారుడు బద్ధుడే. హామీ సంతకము పెట్టు కలమును చేత పట్టునపుడు ఈ వాక్యము గుర్తుండవలెను.

సైనికునకు, పింఛనుదారునకు గల రక్షణ

లష్కరు నగరమున ఈ విషయము ఇంటింటికి అవసరమైనది. సైనిక శాసనములకు లోబడినవారి జీతభత్యములను సివిలు కోర్టు జప్తు చేయజాలదు. ప్రభుత్వ పింఛనుకును జప్తునుండి రక్షణ గలదు. ముందు రాబోవు పింఛనును ఇతరులకు వ్రాసియిచ్చిన పత్రము 1871 నాటి పింఛనుల చట్టము ప్రకారము చెల్లదు. కనుక పింఛను పుస్తకమునో ఏ.టి.ఎం. కార్డునో వడ్డీవ్యాపారి తన వద్ద ఉంచుకొనుటకు చట్టబలము లేదు. విశ్రాంత సైనికుని ఇంట పుట్టిన విద్యార్థి ఈ మాట తాతగారికి చదివి వినిపింపవలెను.

జైలు భయమును గూర్చి కూడ చెప్పవలసియున్నది. డబ్బు డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయరాదు. పురుషుని సహితము కేవలము పేదరికము కారణముగా నిర్బంధింపరాదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసున సుప్రీం కోర్టు పక్షమున జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుచెప్పెను. చెల్లించు శక్తి యుండియు దురుద్దేశముతో చెల్లింపనివానికే ఆ శిక్ష తగును.

నగరములో దొరకు సహాయము

మొదటిది న్యాయసేవాధికార సంస్థ. 1987 చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, పరిమితికి లోబడిన ఆదాయము గలవారు ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చును. 15100 అను నంబరునకు ఫోను చేసినను సలహా లభించును. సికింద్రాబాదులో అధికభాగము హైదరాబాదు జిల్లాకు చెందును. ఆల్వాలు, మల్కాజిగిరి, సైనిక్‌పురి ప్రాంతములు 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనివి. ఏ కోర్టులో దరఖాస్తు పెట్టవలెనో నివాసమును బట్టి మొదట విచారించుకొనవలెను.

రెండవది లోక్ అదాలతు. ఇరుపక్షములు సమ్మతించిన వాయిదాల ఒప్పందము కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టు ఫీజు తిరిగి వచ్చును. బ్యాంకులు వడ్డీలో కొంత తగ్గించుటకు ఇచట తరచు అంగీకరించును. దివాలాకు పోకమున్నే ఈ మెట్టు ఎక్కుట మంచిది.

మూడవది వడ్డీవ్యాపారులను అదుపుచేయు శాసనము. తెలంగాణ ప్రాంతమున 1349 ఫసలీ నాటి వడ్డీవ్యాపారుల చట్టము ఉన్నది. వృత్తిగా అప్పులిచ్చువాడు లైసెన్సు పొందవలెను. లైసెన్సు లేనివాని దావా నిలువదని ఋణగ్రస్తుడు వాదింపవచ్చును. గిరిగిరి ఫైనాన్సువాడు ఇంటిముందు కూర్చుండి అవమానించినపుడు మొదట అడుగవలసినది 'లైసెన్సు చూపుము' అనుమాట. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వసూలుదారులు ఉదయము 8కి ముందు, సాయంత్రము 7 తరువాత ఫోనులు చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించినది. బెదిరింపులను గూర్చి మొదట ఆ సంస్థకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, ఫలింపనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు నివేదింపవచ్చును.

నాలుగవది కంపెనీల విషయము. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము కంపెనీల దివాలాలు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాదు బెంచి విచారించును. కంపెనీ అప్పులకు హామీయిచ్చిన వ్యక్తులకు 2019 డిసెంబరు 1 నుండి ఆ స్మృతి వర్తించెను. దర్జీకిని పాలవానికిని అది కాదు.

ఒక లోపము

నిజమునకు ఆ స్మృతిలోనే అతి పేదవారికై 'క్రొత్త ఆరంభము' అను ప్రక్రియ వ్రాయబడినది. ఏడాదికి 60,000 మించని ఆదాయము, 20,000 మించని ఆస్తి, 35,000 మించని అప్పు గలిగి, సొంత ఇల్లు లేనివాడు సులభముగా ఋణవిముక్తుడగుటకు అది ఉద్దేశింపబడినది. స్మృతి ఆమోదము పొందినది 2016లో. సామాన్యులకు సంబంధించిన ఈ భాగమును మాత్రము దానితోపాటు అమలులోనికి తేలేదు. వేల కోట్ల కంపెనీకి క్రొత్త శాసనము, ముప్పదియైదు వేల అప్పుగలవానికి 1920 నాటి పాత శాసనము. 2016 నాటి తెలంగాణ ఋణవిమోచన కమిషను చట్టము చిన్నరైతులను, వ్యవసాయ కూలీలను, గ్రామీణ చేతివృత్తులవారిని ఉద్దేశించినది. బజారులోని చేతివృత్తివాడు అందులోను లేడు. ఈ వెలితి తీరవలెనని కోరుట విద్యావంతుల కర్తవ్యమని మా అభిప్రాయము.

విద్యార్థులకు, కళాశాల సంఘమునకు మనవి

అప్పు బాధ భరింపలేక ప్రాణములు తీసికొనిన వార్తలు మనము పత్రికలలో చదువుచునేయున్నాము. వారిలో ఎందరికి ఐ.పి. అనునది అవమానము కాదనియు, కుట్టుమిషను ఎవరును తీసికొనిపోజాలరనియు, స్త్రీని జైలులో పెట్టరనియు తెలిసియుండును? తెలియని హక్కు లేని హక్కుతో సమానము. నిరాశ ముంచుకొనివచ్చినపుడు మాటలాడుటకు 14416 అను మానసిక సహాయ కేంద్రము కూడ కలదని ఇంట అందరును ఎరిగియుండుట మేలు.

కావున కళాశాల సంఘమువారు ఏడాదికొకసారి న్యాయసేవాధికార సంస్థ వారిని ఆహ్వానించి, ఉర్దూలోను తెలుగులోను ఋణచట్టములపై ఒక సభ జరిపింపవలెనని వినయముగా కోరుచున్నాము. మా తోటివారికి మూడు మాటలు: ఇంటి లెక్కలు వ్రాయుడు, చదువని కాగితముపై హామీ సంతకము పెట్టకుడు, అప్పులపాలైన పొరుగువానిని చూచి నవ్వకుడు. దత్త మండలములు, పేష్కషు, బీరారు పోగొట్టుకొనిన రాజ్యపు సైన్యవిడిదిలో మనము నివసించుచున్నాము. అప్పు ఎంతటివానినైనను లొంగదీయునని ఈ నగరమునకు తెలిసినంతగా మరియొక నగరమునకు తెలియదు.